ఒక్క డాలరు ఎక్కువ: జెపర్డీ చివరి పందెం మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా టీవీ క్విజ్ ‘జెపర్డీ’ గురించే. అందులోనూ స్కోర్లు దగ్గర దగ్గరగా ఉండి, ఆఖరి ఒక్క క్లూతో తారుమారయ్యే ఆటల గురించే. చూడనివాళ్ల కోసం ఆట తీరు క్లుప్తంగా చెబుతాం. ఆడేది ముగ్గురు. మొదటి రౌండులో 30 క్లూలు, ఒక్కోటి 200 నుంచి 1,000 డాలర్ల దాకా. రెండోది ‘డబుల్ జెపర్డీ’, అందులోనూ 30 క్లూలు, 400 నుంచి 2,000 దాకా. తప్పు చెబితే ఆ సొమ్ము స్కోరులోంచి పోతుంది. చివర్న ‘ఫైనల్ జెపర్డీ’కి ఒకటే క్లూ. దాని విభాగం పేరు మాత్రం ముందు చెబుతారు. క్లూ చూడకముందే ఎవరి స్కోరులోంచి వాళ్లు ఎంత కాస్తున్నారో రాసేయాలి. తర్వాత జవాబు రాయడానికి 30 సెకన్లు. ఒప్పయితే కాసినంత స్కోరుకు కలుస్తుంది, తప్పయితే అంత పోతుంది. రెండో రౌండు అయ్యేసరికి స్కోరు సున్నాలోనో మైనస్‌లోనో ఉన్నవాళ్లకు ఫైనల్ ఉండదు.

ప్రశ్న: మా అత్తగారు రోజూ చూస్తారు. ఆవిడ సందేహం ఇది. ముందున్న మనిషి పదివేలు కాసి, తప్పు రాసి, చేజేతులా ఓడిపోతున్నాడు. ఏమీ కాయకుండా కూర్చుంటే గెలిచేవాడే కదా?
– ఎడిసన్, న్యూజెర్సీ పాఠకురాలు

జవాబు: ఫలితం తెలిశాక అలాగే అనిపిస్తుంది. పందెం రాసే నిమిషంలో లెక్క వేరు. ముగ్గురికీ 18,000, 14,000, 6,000 ఉన్నాయనుకోండి. ముందున్నవాళ్లు సున్నా కాస్తే, రెండో స్థానంలో ఉన్నవాళ్లు 4,001 కాసి జవాబు సరిగ్గా రాస్తే చాలు, 18,001తో ఆట వాళ్లది. అంటే తన గెలుపు తాళంచెవి ఎదుటివాళ్ల చేతికి ఇచ్చినట్టే.

అందుకే ముందున్నవాళ్లు ఇలా లెక్కిస్తారు. రెండో స్కోరును రెట్టింపు చేయాలి: 28,000. దానికి ఒక డాలరు కలపాలి: 28,001. అందులోంచి తన స్కోరు తీసేయాలి: 10,001. పందెం అదే. తన జవాబు ఒప్పయితే ఇక అవతలివాళ్లు ఎంత కాసినా, ఏం రాసినా పనిలేదు. తప్పయితే 7,999కి పడతారు. మీ అత్తగారు చూసిన పతనం అదే.

ఇంకో కారణం డబ్బుకు సంబంధించింది. స్కోరు మొత్తం ఇంటికి పట్టుకెళ్లేది గెలిచినవాళ్లే. రెండో స్థానానికి 3,000, మూడో స్థానానికి 2,000 డాలర్లు, అంతే. 17,000 స్కోరుతో రెండో స్థానంలో నిలిచినా, 200 స్కోరుతో నిలిచినా చేతికి వచ్చేది ఒకటే. అందుకే స్కోరును పదిలంగా దాచుకోవడంలో అర్థం లేదు.

ఏమీ కాయనక్కర్లేని సందర్భం ఒకటుంది. ముందున్నవాళ్ల స్కోరు రెండోవాళ్ల స్కోరుకు రెట్టింపు దాటితే ఇక పట్టుకునేవాళ్లు ఉండరు. 20,000కి 9,000 ఉంటే, రెట్టింపు 18,000. అప్పుడు 1,999 దాకా కాసినా భయం లేదు. అది దాటి ఒక్క డాలరు కాసినా, చేతిలో ఉన్న ఆటను వృథాగా పందెంలో పెట్టినట్టే. ఈ పొరపాటు అరుదుగానైనా జరుగుతూనే ఉంటుంది. స్టేజీ మీద లైట్ల మధ్య నాలుగైదు అంకెల తీసివేత చేయడం ఇంట్లో సోఫాలో చేసినంత తేలిక కాదు.

ప్రశ్న: రెండో స్థానంలో ఉన్నవాళ్లు ఉన్నదంతా కాయడమే ధైర్యం అంటాడు మా తమ్ముడు. నిజమేనా?
– డాలస్ పాఠకుడు

జవాబు: దగ్గరి పోటీలో ఎక్కువ నష్టం చేసే అలవాటు ఇదే. రెండో స్థానంలో ఉన్నవాళ్లు ముందు చూడాల్సింది, ముందున్నవాళ్ల జవాబు తప్పితే ఆ స్కోరు ఎక్కడికి పడుతుందన్నది. పై ఉదాహరణలో అది 7,999. మీ దగ్గర 14,000 ఉన్నాయి. 6,000 దాకా కాసి మీరూ తప్పు రాశారనుకోండి, 8,000 మిగులుతాయి. ఒక్క డాలరు తేడాతో వాళ్ల మీద మీదే పైచేయి. 14,000 మొత్తం కాస్తే, ఇద్దరూ తప్పినప్పుడు మీకు మిగిలేది సున్నా.

ఒకవేళ ముందున్నవాళ్లు ఏమీ కాయకపోతే? 4,001 కాస్తే దానికీ సరిపోతుంది. కాబట్టి 4,001కీ 6,000కీ మధ్య ఎంత కాసినా రెండు వైపులా కాపు ఉంటుంది. ఈ వెసులుబాటు మీ స్కోరు ముందువాళ్ల స్కోరులో కనీసం ముప్పాతిక ఉంటేనే దొరుకుతుంది. 18,000లో ముప్పాతిక 13,500. మీ 14,000 దాన్ని దాటింది.

ముప్పాతికకు తక్కువగా, మూడింట రెండొంతులకు ఎక్కువగా ఉంటే ఏదో ఒక వైపు తేల్చుకోవాలి. 2004 నవంబరు 30న ప్రసారమైన ఆట ఇందుకు మంచి ఉదాహరణ. వరసగా 74 ఆటలు గెలిచిన కెన్ జెన్నింగ్స్ ఆ రోజు 14,400తో ఉన్నారు. నాన్సీ జెర్గ్‌కు 10,000. రెండొంతులంటే 9,600, ముప్పాతిక అంటే 10,800. ఆమె ఆ రెంటి మధ్య ఉంది. జెన్నింగ్స్ సూత్రం ప్రకారం 5,601 కాశారు. తప్పితే మిగిలేది 8,799. అంటే జెర్గ్ ఏమీ కాయకపోయినా, లేదా 1,200 దాకా కాసి తప్పినా, ఆయన తప్పితే ఆమే గెలిచేది. ఆమె ఆ దారి పట్టలేదు. సరిగ్గా 4,401 కాసింది, జెన్నింగ్స్ సున్నా కాసినా తను 14,401తో ముందుండేలా. క్లూ ఒక సంస్థ గురించి: అందులోని 70,000 మంది సీజన్ ఉద్యోగుల్లో చాలామందికి ఏడాదిలో నాలుగు నెలలే పని. నాలుగు నెలలు అనగానే పన్నుల సీజన్ స్ఫురించాలి. జవాబు హెచ్ అండ్ ఆర్ బ్లాక్, జనం పన్ను రిటర్నులు వేసిపెట్టే సంస్థ. జెన్నింగ్స్ ఫెడెక్స్ అని రాశారు. జెర్గ్ సరిగ్గా రాసింది, గెలిచింది. కానీ ఇద్దరూ తప్పి ఉంటే ఆమెకు మిగిలేది 5,599, ఆట జెన్నింగ్స్‌దే. ఆమె పందెం తప్పని అనడానికి లేదు. తన జవాబు మీద నమ్మకం ఎక్కువా, ఎదుటి మనిషి తప్పుతాడన్న నమ్మకం ఎక్కువా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం.

మూడింట రెండొంతులకు తక్కువైతే కూర్చుని ఎదురుచూడటం పనికిరాదు. 2022 జనవరి 26న ప్రసారమైన ఆటలో 40 సార్లు గెలిచిన ఎమీ ష్నైడర్‌కు 27,600, రోన్ టాల్స్మాకు 17,600. రెండొంతులంటే 18,400. ష్నైడర్ సూత్రం ప్రకారం కాయాల్సిన కనీస పందెం 7,601. అది తప్పినా ఆమెకు 19,999 మిగులుతాయి, అంటే కదలకుండా ఉన్న 17,600 కంటే ఎక్కువే. కాబట్టి టాల్స్మా కాసి తీరాలి, ఒప్పు రాసి తీరాలి. ఆయన 12,000 కాశారు, ఆమె 8,000. ఇంగ్లీషులో పేరు ‘హెచ్’ అక్షరంతో ముగిసే ఒకే ఒక్క దేశం ఏది, జనాభాలో మొదటి పదింటిలో ఒకటి కూడా అన్నది క్లూ. బంగ్లాదేశ్! టాల్స్మా 29,600కి ఎక్కారు, ష్నైడర్ 19,600కి దిగారు.

ప్రశ్న: 2019లో, వరసగా గెలుస్తూ వచ్చిన జేమ్స్ హాల్జ్‌హవర్ ఓడిపోయిన రోజున 23,400 పెట్టుకుని కేవలం 1,399 కాశాడు. అంతకుముందు వేలకు వేలు కాసినవాడు అంత తక్కువ కాశాడంటే కావాలనే ఓడిపోయాడని మా స్నేహితుల వాదన.
– శాన్ హోసే పాఠకుడు

జవాబు: ఆ మాట అప్పట్లో చాలామంది అన్నారు. లెక్క చూస్తే ఆ అనుమానం నిలబడదు. జూన్ 3న ప్రసారమైన ఆ ఆటలో ఎమా బెట్చర్‌కు 26,600, హాల్జ్‌హవర్‌కు 23,400, మూడో ఆటగాడికి 11,000. మూడో ఆటగాడు అంతా కాసి గెలిస్తే 22,000 అవుతాయి. 23,400లోంచి 1,399 పోతే మిగిలేది 22,001. ఒక్క డాలరు పైన! అంటే బెట్చర్ పెద్ద పందెం కాసి తప్పితే, తన జవాబు ఏదైనా సరే మూడోవాడు తనను దాటకుండా తీసుకున్న జాగ్రత్త అది.

బెట్చర్ వైపు లెక్క కూడా అంతే శుభ్రంగా ఉంది. 23,400కి రెట్టింపు 46,800, ఒకటి కలిపితే 46,801, తన 26,600 తీసేస్తే 20,201. ఆమె కాసింది సరిగ్గా అదే. కాబట్టి హాల్జ్‌హవర్ ఉన్నదంతా కాసి ఒప్పు రాసినా 46,800 దగ్గర ఆగి, ఒక్క డాలరుతో ఓడేవాడు. ఇద్దరూ జవాబుగా నాటక రచయిత క్రిస్టఫర్ మార్లో పేరు సరిగ్గానే రాశారు. ఆయన 24,799తో ముగించారు. ఆయన్ను ఓడించింది చివరి పందెం కాదు, డబుల్ జెపర్డీలోని రెండు డైలీ డబుల్స్‌నూ (దొరికినవాళ్లొక్కరే పందెం కాసి జవాబు చెప్పే క్లూలు) బెట్చర్ పట్టుకోవడం. ఆమె లైబ్రేరియన్. మాస్టర్స్ చదివేటప్పుడు క్విజ్ ప్రశ్నల కష్టాన్ని వాటి వాక్యాల తీరును బట్టి ముందే అంచనా వేయవచ్చా అన్న విషయం మీదే పరిశోధన పత్రం రాసింది. మా దృష్టిలో జెపర్డీ చూడటం నేర్చుకునేవాళ్లు మొదట చూడాల్సిన ఆట అది.

ప్రశ్న: మూడో స్థానంలో బాగా వెనకబడినవాళ్లకు ఆశ ఉందా?
– అట్లాంటా పాఠకురాలు

జవాబు: ఉంది, ముందు ఇద్దరూ తప్పితే. మొదటి ఉదాహరణలో 6,000 ఉన్నవాళ్లు ముందువాళ్లు పడే 7,999నీ, రెండోవాళ్లు పడగల 8,000నీ దాటాలి. అంటే 2,001 కాసి ఒప్పు రాయాలి. అంతా కాయనవసరం లేదు. ఒక్కోసారి ఇద్దరూ అత్యాశకు పోయి సున్నా దగ్గరికి వచ్చేస్తారు. అప్పుడు ఏమీ కాయకుండా కూర్చున్న మూడో మనిషే గెలుస్తాడు.

ప్రశ్న: ఇద్దరికీ ఒకే స్కోరు వస్తే?
– చికాగో పాఠకుడు

జవాబు: పూర్వం ఇద్దరూ విజేతలే, ఇద్దరూ డబ్బు తీసుకుని మర్నాటి ఆటకు వచ్చేవాళ్లు. 2007 మార్చి 16న ప్రసారమైన ఆటలో ఏకంగా ముగ్గురూ 16,000 దగ్గర ఆగారు. ముందున్న ఆటగాడికి 13,400, మిగతా ఇద్దరికీ చెరి 8,000. వాళ్లు అంతా కాస్తారని ఊహించి ఆయన 2,601కి బదులు 2,600 కాశారు, కావాలనే, ముగ్గురూ సమానంగా నిలవాలని.

ఇప్పుడు ఆ అవకాశం లేదు. 2014 నుంచి టై అయితే ఇంకో క్లూ ఇస్తారు. పందెం ఉండదు, బజర్ నొక్కి ముందు సరైన జవాబు చెప్పినవాళ్లు గెలుస్తారు. ఒకరు తప్పు చెప్పినంత మాత్రాన రెండోవాళ్లు గెలిచినట్టు కాదు, వాళ్లూ ఒప్పు చెప్పాలి. మామూలు ఆటల్లో ఈ పద్ధతి మొదటిసారి అక్కరకొచ్చింది 2018 మార్చి 1న, ఇద్దరూ 6,799తో ఆగినప్పుడు.

దీనివల్ల చివర కలిపే ఆ ఒక్క డాలరు విలువ పెరిగింది. ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. స్కోర్లు సరిగ్గా 20,000, 10,000 అయితే ఏం చేయాలి? ఏమీ కాయకపోతే రెండోవాళ్లు టై చేయగలరు. ఒక్క డాలరు కాసి తప్పితే 19,999తో ఓడిపోవచ్చు. విభాగం మీద గట్టి పట్టు లేకపోతే సున్నా కాసి, కావాలంటే టై క్లూకి సిద్ధపడటమే మేలు.

ప్రశ్న: ముగ్గురూ బజర్ పిచ్చిగా నొక్కుతుంటారు, కొందరికి అసలు పలకదు. బజర్ పాడైందా, వాళ్లకు జవాబు రాదా?
– సియాటిల్ పాఠకురాలు

జవాబు: రెండూ కాదు, తొందర. హోస్ట్ క్లూ చివరి అక్షరం చదివేదాకా బజర్లు తాళం వేసినట్టే ఉంటాయి. చదవడం అవగానే ఒక ఉద్యోగి మీట నొక్కి వాటిని తెరుస్తాడు. అప్పుడు క్లూల బోర్డుకు రెండు పక్కలా లైట్లు వెలుగుతాయి. అవి స్టేజీ మీదివాళ్లకే కనిపిస్తాయి, మన టీవీలో రావు. ఈలోపే నొక్కినవాళ్ల బజర్ పావు సెకను పాటు పనిచేయదు. పావు సెకనే కదా అనిపిస్తుంది, కానీ మిగతా ఇద్దరిలో ఒకరు నొక్కడానికి అది చాలా ఎక్కువ. మొదటి రోజుల్లో ఈ తాళం ఉండేది కాదు, క్లూ చదువుతుండగానే నొక్కేసేవాళ్లు. 1985 నుంచి మార్చారు.

దగ్గరి పోటీల్లో ముగ్గురికీ చాలా క్లూలకు జవాబు తెలిసే ఉంటుంది. కాబట్టి తేడా వచ్చేది బొటనవేలి దగ్గరే. రెండు పద్ధతులున్నాయి. లైటు చూసి నొక్కడం ఒకటి. హోస్ట్ గొంతు చివర పడే తీరును విని, లైటు వెలిగే క్షణాన్ని ఊహించి నొక్కడం రెండోది. మనిషి కన్ను వెలుగు చూసి వేలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు అటూ ఇటూ పడుతుంది. లయ పట్టినవాళ్లకు ఆ ఆలస్యం ఉండదు, కానీ లయ తప్పితే తాళం పడుతుంది. ఏ పద్ధతైనా ఒక్కసారి నొక్కి ఆగకూడదు. మొదటి నొక్కు తొందరపడిందేమో తెలియదు కాబట్టి నొక్కుతూనే ఉండాలి. మీకు పిచ్చిగా కనిపించింది అదే.

2011 ఫిబ్రవరిలో ఐబీఎం కంప్యూటర్ వాట్సన్, జెన్నింగ్స్ మీదా మరో పాత ఛాంపియన్ బ్రాడ్ రటర్ మీదా 77,147 డాలర్లతో గెలిచినప్పుడు (వాళ్లకు 24,000, 21,600) వాదన నడిచింది కూడా దీని మీదే. బజర్లు తెరుచుకున్న సంకేతం దానికి నేరుగా అందేది. జవాబు మీద నమ్మకం ఉన్నప్పుడు మీట నొక్కడంలో అది తడబడేది కాదు.

ప్రశ్న: డైలీ డబుల్ దొరికినప్పుడు ఎంత కాయాలి?
– షార్లట్ పాఠకుడు

జవాబు: మొదటి రౌండులో ఒకటి, రెండో రౌండులో రెండు ఉంటాయి. దొరికినవాళ్లొక్కరే జవాబు చెబుతారు, బజర్ లేదు. కనీసం 5 డాలర్లు కాయాలి, గరిష్ఠం ఉన్నదంతా. స్కోరు తక్కువైనా ఆ రౌండులోని పెద్ద క్లూ విలువ దాకా, అంటే 1,000 లేదా 2,000 దాకా కాయవచ్చు. ఇవి పై వరసలో దాదాపు కనిపించవు, ఎక్కువగా కింది మూడు వరసల్లోనే ఉంటాయి. అందుకే గట్టి ఆటగాళ్లు కింది నుంచి ఎంచుకుంటారు.

వెనకబడితే పెద్దగా కాయడం మంచిది, ఎందుకంటే అదే స్కోరు రెట్టింపయ్యే అవకాశం. ముందుంటే, గెలిస్తే రెండోవాళ్ల స్కోరు తనదానిలో సగం కంటే తక్కువయ్యేంత కాస్తే చాలు. కానీ ఓడితే ఏమవుతుందో కూడా చూసుకోవాలి. పైన చెప్పిన జెన్నింగ్స్ ఆఖరి ఆటలో డబుల్ జెపర్డీలోని రెండు డైలీ డబుల్సూ ఆయనకే దొరికాయి, రెండూ తప్పాయి, మొత్తం 10,200 పోయాయి. అవి పోకపోతే ఫైనల్‌కు ఆయన 24,600తో వచ్చేవారు, జెర్గ్ 10,000కు అందకుండా. హెచ్ అండ్ ఆర్ బ్లాక్ తెలియకపోయినా 75వ ఆట ఆయనదే అయ్యేది.

ప్రశ్న: ఫైనల్‌లో స్పెల్లింగ్ తప్పితే కొన్నిసార్లు ఒప్పుకుంటారు, కొన్నిసార్లు ఒప్పుకోరు. ఇదెక్కడి న్యాయం?
– ఒమాహా పాఠకురాలు

జవాబు: న్యాయమే. రాసింది చదివితే సరైన పేరే పలకాలి, అదీ కొలత. అక్షరం పోయినా పలుకు మారకపోతే ఒప్పే. లేని ధ్వని వచ్చి చేరితే తప్పు. 2013లో పిల్లల ఆటలో ‘ఇమాన్సిపేషన్’ అనే మాట మధ్యలో ఒక ‘ట’ శబ్దం ఎక్కువ పడినందుకు జవాబు కొట్టేశారు. ఈ ఆటలో జవాబును ‘ఎవరు?’, ‘ఏమిటి?’ అని ప్రశ్న రూపంలో చెప్పాలి. అలా లేకపోయినా డబుల్ జెపర్డీలో తప్పే. మొదటి రౌండులో మాత్రం హోస్ట్ గుర్తుచేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి జెపర్డీ ఆటగాళ్ల ఎంపిక పరీక్ష రాయాలనుకుంటోంది. ఇంట్లో ఎలా సాధన చేయాలి?
– కొలంబస్ పాఠకుడు

జవాబు: ఆన్‌లైన్ పరీక్షలో 50 క్లూలు, ఒక్కోదానికి 15 సెకన్లు. మార్కులు చెప్పరు. అందులో గట్టెక్కినవాళ్లలో కొందరిని తర్వాతి పరీక్షకూ నమూనా ఆటకూ పిలుస్తారు. అక్కడ జ్ఞానంతో పాటు గొంతు, చురుకుదనం కూడా చూస్తారు.

ఇంట్లో టీవీ ముందు కూర్చోవడం కాదు, నిలబడి ఆడమనండి. చేతిలో నొక్కే పెన్ను పట్టుకుని, హోస్ట్ చివరి అక్షరం పూర్తయ్యాకే నొక్కే అలవాటు చేసుకోవాలి. ఫైనల్‌కు ముందు ప్రకటనలు వచ్చినప్పుడు వీడియో ఆపి, మూడు స్కోర్లూ కాగితం మీద రాసి, ముగ్గురి పందేలూ తనే వేయాలి. కాలిక్యులేటర్ వద్దు, అక్కడ కూడా కాగితం, పెన్నే ఇస్తారు. ముందున్నవాళ్ల పందేన్ని వెనక్కి కూడి సరిచూసుకోవాలి: నా స్కోరు, నా పందెం కలిపితే రెండోవాళ్ల రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ ఉందా? రోజుకు ఒక్క ఆట చాలు.

ఇంకో మాట. ఒకే రోజు అయిదు ఆటలు రికార్డు చేస్తారు, కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ స్టూడియోలో. తన వంతు ఎప్పుడొస్తుందో ముందు తెలియదు. గెలిస్తే బట్టలు మార్చుకునే వ్యవధిలోనే ‘మర్నాటి’ ఆట మొదలవుతుంది. అందుకని వారానికొకసారైనా విరామం లేకుండా అయిదు ఆటలు వరసగా ఆడించండి. అయిదో ఆటలో తీసివేతలు తప్పుతున్నాయంటే, ముందు సరిచేసుకోవాల్సింది అదే.